మైనస్ ఆరు మీటర్ల గది

నవంబరు 5

అమ్మడికి,

మీ మేనత్త రాస్తున్నది. చేతిలో ఫోన్ ఉండగా ఈవిడకి ఉత్తరం రాసే సరదా ఎందుకు పుట్టిందని నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. అయ్యాక చదువు.

వచ్చే మార్చిలో నేను పదో తరగతి లెక్కల పరీక్ష రాస్తున్నా. మిగతావన్నీ ముప్పై మూడేళ్ళ కిందటే పాసయ్యాను, లెక్కలొక్కటే ఉండిపోయింది. ఆ ఒక్కటీ ప్రైవేటుగా కట్టి రాయొచ్చని కనుక్కున్నా. కట్టేశాను కూడా. ఇక వెనక్కి పోయేది లేదు.

ఎందుకీ వయసులో అంటావేమో. మా యూనిఫారాల వర్క్‌షాపులో కటింగ్ మాస్టారు వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. ఆయన కళ్ళు మసకబారినప్పటి నుంచీ, అంటే ఆరేళ్ళుగా, ఆయన పని సగం నేనే చేస్తున్నా. బట్ట పొరలు పొరలుగా పరచడం, బ్రౌన్ పేపర్ నమూనాలు సర్దడం, ఏ సైజు చొక్కా ఎక్కడ ఇరికిస్తే గుడ్డ వృథా కాదో చూడటం, అన్నీ. ఆ కుర్చీ నాదే అని అందరూ అనుకుంటున్నారు, ఆఫీసు గుమాస్తా తప్ప. పదో తరగతి సర్టిఫికెట్ లేకపోతే రూల్ ఒప్పుకోదట. అది లేకపోతే బయటినుంచి ఎవరినో తెస్తారు. నిన్నగాక మొన్న వచ్చినవాడు నా బల్ల దగ్గర నిలబడి గీత ఎలా గీయాలో నాకు చెప్తాడు. అది మాత్రం నేను భరించలేను.

నువ్వు హైస్కూల్లో లెక్కల టీచరువి. ఇంట్లో టీచరమ్మను పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికి? ఫోన్‌లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తా. కాగితం మీద ఉంటే ముందు పెట్టుకుని పదిసార్లు చూసుకోవచ్చు. అందుకే ఉత్తరం.

మీ నాన్నకి చెప్పకు. పాసయ్యాక అన్నయ్యకి నేనే చెప్పుకుంటా. ఇక్కడ మీ మావయ్యకి తప్ప ఎవరికీ తెలీదు.

నీ అత్త


నవంబరు 12

అత్తా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి ఉన్నపళంగా లేచి నిలబడ్డాను. పక్కనున్న సైన్సు టీచరు, ఇంట్లో ఏమైనా జరిగిందా అని కంగారుపడింది. జరిగింది, మా అత్త పరీక్ష రాస్తోంది అన్నాను. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, భయపడకు.

ఇలా చేద్దాం. పాఠ్యపుస్తకం పంపుతున్నాను. వారానికి పది లెక్కలు గుర్తుపెట్టి రాస్తాను. అన్నీ ఒకే పాఠంలోవి ఇవ్వను. ఒక పాఠం పూర్తిగా మింగేసి ఇంకో పాఠానికి పోతే మొదటిది మర్చిపోతాం. మా పిల్లల దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే. అందుకని వర్గ సమీకరణం ఒకటి, వృత్తం ఒకటి, శ్రేఢి ఒకటి, కలగాపులగంగా ఇస్తాను. ఏ లెక్కకి ఏ సూత్రం వాడాలో నువ్వే పోల్చుకోవాలి. జవాబులు పుస్తకం చివర ఉంటాయి, సరిచూసుకో. నాకు పంపేటప్పుడు మాత్రం శుభ్రంగా రాయి. పరీక్షలో సగం మార్కులు పోయేది గజిబిజి వల్లే.

భయపడకు, లెక్కలు సరదాగా ఉంటాయి. మొన్న మా తొమ్మిదో తరగతిలో ఏమైందో విను. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, పదిహేనేళ్ళ తర్వాత రెండు రెట్లవుతుంది, ఎవరి వయసెంత అని ఇచ్చాను. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి ఒకతి ఉంది. తండ్రికి పదిహేనేళ్ళు, కొడుక్కి నలభై ఐదేళ్ళు అని రాసింది. నేను నవ్వాపుకోలేక ఆ పేపరు పైకి చదివేశాను. మరి ఆ కొడుకు తండ్రిని బడికి పంపించాడా లేదా అన్నాను. క్లాసంతా కడుపుబ్బా నవ్వారు. ఆ రోజంతా హుషారుగా గడిచింది.

కాబట్టి తండ్రి కంటే కొడుకు పెద్దవాడు కాకుండా చూసుకుంటే చాలు, నువ్వు పాసే.

నీ టీచరమ్మ


నవంబరు 24

టీచరమ్మ గారికి,

పది లెక్కలూ చేసి పంపుతున్నా. శుభ్రంగానే రాశాను.

వృత్తం లెక్క చూసి నేనూ మీ మావయ్యా నవ్వుకున్నాం. పరిధి అరవై ఆరు సెంటీమీటర్లు, వ్యాసార్థం ఎంత అని కదా అడిగావు. ఇది చిన్నపిల్లల అంబ్రెల్లా ఫ్రాకు లెక్క. నడుము కొలతని ఆరుంపావుతో భాగిస్తే మధ్యలో కోయాల్సిన గుండ్రం ఎంత దూరంలో గీయాలో తెలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా గీస్తున్నా. నా లెక్కన పదిన్నర మీద వెంట్రుకవాసి వచ్చింది, పుస్తకంలో పదిన్నర అనే ఉంది. నీ కోసం పుస్తకం పద్ధతిలోనే రాశాను.

మీ మావయ్య గడ్డం గీసుకుంటూ సూత్రాలు అడుగుతున్నారు. ఆయనకి సూత్రాలు రావు కాబట్టి నేను ఏం చెప్పినా కరెక్టే అంటారు. ఇంతకంటే మంచి పరీక్షాధికారి దొరకడు.

ఆ కిటికీ పక్క అమ్మాయి తర్వాత ఏమంది?

అత్త


డిసెంబరు 3

అత్తా,

పదికి పది. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. మా పిల్లల్లో ఒక్కరు కూడా ఇంత చక్కగా, ఒక్క కొట్టివేత లేకుండా రాయరు. నీ కాగితాన్ని మా క్లాసులో చూపించి, లెక్క అంటే ఇలా చేయాలి అన్నాను. ఎవరిదని అడిగితే ఒక పెద్దావిడది అన్నాను.

ఆ ఆరుంపావు సంగతి నాకు భలే నచ్చింది. రెండు పైలంటే ఆరు పాయింట్ రెండు ఎనిమిది, నీకు బడిలో ఎవరూ చెప్పకుండానే అది చేతికి వచ్చేసింది. ఫ్రాకు బొమ్మ గీసి పిల్లలకి చెప్పాను. వృత్తం పాఠంలో అంత నిశ్శబ్దంగా విన్నది ఆ రోజే.

నువ్వు ఇంత బాగా చేస్తున్నప్పుడు నత్తనడక దేనికి? ఇవి చిన్నపిల్లల లెక్కలు. ఈసారి పదిహేను గుర్తుపెట్టాను, కాస్త కఠినమైనవి. పై వారం నుంచి ఇరవై.

కిటికీ పక్క అమ్మాయి ఏమంటుంది, తల దించుకుని కూర్చుంది. వాళ్ళకి ఇవన్నీ మామూలే.

నీ టీచరమ్మ


డిసెంబరు 20

అమ్మడికి,

పదిహేనూ చేశాను. ఇరవై కూడా చేస్తా. ఫర్వాలేదు.

పనిలో ఒత్తిడిగా ఉంది. మూడు బడుల యూనిఫారాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. మాస్టారు కళ్ళద్దాలు మార్చినా లాభం లేకపోయింది, నిన్న చంక కొలత చూడబోయి మెడ కొలత చూశారు. నేను చెప్తే తప్పు ఒప్పుకోకుండా, వెలుతురు సరిగా లేదన్నారు. పాపం పెద్దాయన. నేనే మళ్ళీ కొలిచాను.

పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నా, ఏమనుకోకు.

అత్త


జనవరి 4

అత్తా,

ఇదివరకు నీ ఉత్తరాలు చదివి నవ్వుకునేదాన్ని, ఇప్పుడు లెక్కలు తప్ప ఏమీ ఉండటం లేదు. నామీద కోపమా? లేక నేను మరీ మెల్లగా చెప్తున్నానని విసుగా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. అందుకే ఈ కవరు.

లోపల నమూనా ప్రశ్నపత్రం ఉంది, నేనే తయారుచేశాను. ఏ పుస్తకంలోనూ లేదు. ఒక ఆదివారం మావయ్యను గడియారం పెట్టుకుని ఎదురుగా కూర్చోమని, మూడు గంటల్లో రాసి, ఉన్నది ఉన్నట్టు నాకు పంపు. నీకు డెబ్భైకి తక్కువ రావని మా సైన్సు టీచరుతో పందెం కాశాను. ఓడితే వారం రోజులు ఆవిడ బదులు ప్రార్థన దగ్గర నిలబడాలి. నన్ను ఎండలో నిలబెట్టకు.

నీ టీచరమ్మ


జనవరి 14

అమ్మడికి,

రాశాను. పంపుతున్నా.

అత్త


జనవరి 21

అత్తా,

పదిహేడు వచ్చాయి. పాస్ మార్కు ముప్పై ఐదు.

రెండుసార్లు దిద్దాను, నేనే ఎక్కడో పొరపాటు పడ్డానేమోనని. పడలేదు. డిసెంబరులో పదిహేనుకి పదిహేను చేసిన లెక్కల్లాంటివే ఇవి, అంకెలు మాత్రమే వేరు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఇన్నాళ్ళూ నాకు పంపిన లెక్కలు నీకెవరు చేసిపెట్టారు? మీ ఆఫీసు గుమాస్తానా, పక్కింటివాళ్ళా? చేయించుకుంటే తప్పు లేదు, కానీ నాకు చెప్పాల్సింది. నీకన్నీ వచ్చనుకుని నేను పరుగులు పెట్టించాను. రెండు నెలలు గంగలో కలిశాయి. పరీక్షకి ఇక ఎనిమిది వారాలే ఉన్నాయి.

నాకు కోపం కాదు, దిగులుగా ఉంది.

నీ కోడలు


ఫిబ్రవరి 2

అమ్మడికి,

నీ ఉత్తరం చదివి వారం రోజులు నీకేమీ రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో నాకే తెలీదు. నేను ఒకరి చేత చేయించుకుని నా పేరు పెట్టుకునే మనిషినని నువ్వు అనుకున్నావు చూడు, అది మనసుకి కష్టంగా తగిలింది. చిన్నప్పుడు నీ బొమ్మలకి గౌను కుట్టిచ్చినప్పుడు కూడా, మా అక్క సాయం చేసిందని చెప్పి మరీ ఇచ్చేదాన్ని.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితాల చుట్ట వస్తుంది. చిరగకుండా నెమ్మదిగా విప్పు. బ్రౌన్ పేపర్, మా నమూనాలకి వాడేది. మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చుకుని నేను లెక్కలు చేసేది దానిమీదే. పెన్ను నా చేతిలో మెల్లగా నడుస్తుంది, చాక్ ముక్క అలవాటు. పొడి రాలకుండా మధ్య మధ్య పాత పేపర్లు వేసి చుట్టాను. మొదటి వారం నుంచి నీ ప్రశ్నపత్రం దాకా అన్నీ ఉన్నాయి. చూసుకో, ఎవరు చేశారో.

మా బల్ల దగ్గర గీత తప్పితే వెంటనే బ్రష్‌తో దులిపేస్తాం. తప్పు గీత మిగిలిపోతే కత్తెర దానిమీదే పోతుంది, నలభై పొరల బట్ట పోతుంది. ఆ అలవాటు కొద్దీ తప్పు వచ్చినప్పుడల్లా దులిపేసి మళ్ళీ చేశా. పుస్తకం చివరి జవాబు వచ్చేదాకా ఐదుసార్లు, ఏడుసార్లు. ఒక లెక్కకి మూడు రోజులు పట్టింది. వచ్చాక తెల్ల కాగితం మీదికి ఎక్కించి నీకు పంపేదాన్ని. నువ్వేమో అవి చిన్నపిల్లల లెక్కలని రాశావు. ఇరవై చేస్తుంటే నా తల ప్రాణం తోకకొచ్చేది. ఆ మాట ఎలా చెప్పను? నీ ప్రశ్నపత్రానికి చివర జవాబులు లేవు, అంతే సంగతి.

అలవాటని రాశాను గానీ అది సగమే నిజం. రెండో సగం కూడా చెప్పేస్తా.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు గది లెక్క ఒకటి ఇచ్చారు. పొడవు వెడల్పు కంటే రెండు మీటర్లు ఎక్కువ, వైశాల్యం ఇరవై నాలుగు, వెడల్పు ఎంత అని. నాకు రెండు జవాబులొచ్చాయి. నాలుగు, మైనస్ ఆరు. రెండూ రాశాను. లెక్కల మాస్టారు నా పేపరు పైకి చదివి, మైనస్ ఆరు మీటర్ల గదిలో మీ ఇంటిల్లిపాదీ ఎలా పడుకుంటారమ్మా అన్నారు. నవ్వని వాళ్ళు లేరు. ఆ ఏడాదంతా నా పేరు మైనస్. నీళ్ళ పంపు దగ్గర కూడా మైనస్ వచ్చింది జరగండి అనేవాళ్ళు. ఆ తర్వాత నేను క్లాసులో చెయ్యెత్తలేదు. పబ్లిక్ పరీక్షలో లెక్కల పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చాను. ఏమైనా రాస్తే కదా నవ్వేది. ఆ రోజు నాకు జ్వరం వచ్చిందని మీ నాన్నకి అబద్ధం చెప్పాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు.

నువ్వు కిటికీ పక్క అమ్మాయి పేపరు చదివావని రాసినప్పుడు నాకు ఆ గది గుర్తొచ్చింది. నా తప్పులు కూడా నువ్వు స్టాఫ్ రూములో చదువుతావని కాదు. అయినా దులిపేశాను.

ఇంకో మాట. ఆ తండ్రీ కొడుకుల లెక్క నేనూ చేశా. ఆ పిల్లకి నలభై ఐదు, పదిహేను అని అంకెలు సరిగ్గానే వచ్చాయి కదే. ఎక్స్ ఎవరి వయసో ఒక్కటే తారుమారైంది. నాకు ఆ అంకెలు రావడానికి నాలుగు రోజులు పట్టింది.

నా పరీక్ష సంగతి తర్వాత. ఆ పిల్ల మళ్ళీ చెయ్యెత్తిందా?

నీ అత్త


ఫిబ్రవరి 9

అత్తా,

నా నోటికి హద్దూ అదుపూ లేదని అమ్మ ఎప్పుడూ అంటుంది. నిన్ను అనరాని మాట అన్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. శుభ్రంగా రాయమని చెప్పింది నేనే. కొట్టివేత లేని కాగితం చూసి మురిసిపోయింది నేనే. లెక్కల టీచరు అడగాల్సింది చిత్తు కాగితం, నేను అది అడగనే లేదు.

కిటికీ పక్క అమ్మాయి చెయ్యెత్తలేదు. నీ ఉత్తరం చదివాకే ఆ సంగతి చూశాను. నవంబరు నుంచి ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంతకుముందు ఎత్తేది. ఆమె రెండు పరీక్ష పేపర్లు తీసి చూశాను, సగం ఖాళీ. ఇన్నాళ్ళూ బద్ధకం అనుకున్నాను.

ఇక నీ చుట్ట సంగతి. నా గదిలో నేలంతా పరిచాను, మంచం కిందికి కూడా పోయింది. చాక్ దులిపినా బ్రౌన్ పేపర్ మీద జాడ పోలేదు. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే అన్నీ కనిపిస్తున్నాయి. రెండు రోజులు కూర్చుని దులిపేసినవన్నీ చదివాను. నువ్వు ఊహించనిది ఒకటి దొరికింది.

నువ్వు దులిపేసినవాటిలో సగం తప్పులు కావు.

జవాబు మైనస్‌లో వచ్చిన ప్రతిచోటా నువ్వు సరిగ్గానే చేశావు. చేసి, మైనస్ కనపడగానే దులిపేసి, ప్లస్ వచ్చేదాకా లెక్కని వంచావు. పుస్తకం చివర మైనస్ ఉందని చూశాక మళ్ళీ వెనక్కి వచ్చావు. ఎలా చేసినా చివరికి దారి నీదే, మొదటిసారి నడిచినదే. నా ప్రశ్నపత్రంలో మాత్రం వెనక్కి పిలిచేవాళ్ళు లేరు. దులిపేసినవాటికి కూడా మార్కులు వేసి చూశాను. నలభై ఒకటి వచ్చాయి అత్తా. నువ్వు పాసై, నీ చేత్తో నువ్వే చెరిపేసుకున్నావు.

ఆ గది లెక్క గురించి కూడా చెప్తాను. రెండు జవాబులూ రాయడమే సరైన పద్ధతి. దాని కింద ఒక్క వాక్యం రాయాలి: వెడల్పు మైనస్‌లో ఉండదు కనుక నాలుగు మాత్రమే తీసుకుంటాం. ఆ వాక్యానికి ఒక మార్కు. మీ మాస్టారు నవ్వడానికి పట్టిన టైములో ఆ వాక్యం చెప్పి ఉండొచ్చు. నేనూ అంతే.

నిజమైన తప్పు నీ దగ్గర ఒక్కటే కనపడింది. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల మొదటిదానికే గుర్తు మారుస్తున్నావు, రెండోదాన్ని వదిలేస్తున్నావు. ముప్పై చోట్ల అదే. దానికి వారం చాలు.

ఇకనుంచి వారానికి ఐదే లెక్కలు. బ్రష్ మావయ్యకి ఇచ్చి దాచమను. తప్పనిపిస్తే మీద ఒక్క గీత కొట్టి, కింద మళ్ళీ చెయ్యి. మైనస్ వస్తే ముందు ప్రశ్న మళ్ళీ చదువు. అడిగింది గది అయితే వాక్యం రాసి వదిలెయ్. చలి, అప్పు, లోతు లాంటివైతే అలాగే ఉంచు. తెల్ల కాగితం నాకు వద్దు, చుట్టే పంపు.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తోచడం లేదు. పిలిచి విడిగా చెప్పనా?

నీ కోడలు


ఫిబ్రవరి 20

అమ్మడికి,

నలభై ఒకటి అన్న చోట మీ మావయ్య ఉత్తరం లాక్కుని నాలుగుసార్లు చదివారు. బ్రష్ ఎక్కడ దాచారో చెప్పడం లేదు. బల్ల దగ్గర పనికి వేరే బ్రష్ అడిగి తీసుకున్నా.

నిన్ను ఎప్పుడో క్షమించేశాను. ఇక ఆ మాట ఎత్తకు.

విడిగా పిలిచి చెప్పకు. నవ్వింది నలుగురిలో, చెప్పేది కూడా నలుగురిలోనే. కానీ పాపం అని జాలి పడకు, ఆ వయసులో అది ఇంకా నరకం. లెక్క గురించి మాట్లాడు. అంకెలు సరైనవని చెప్పు, ఎక్స్ ఎక్కడ అటూ ఇటూ అయిందో చూపించు. అంతే.

ఐదు లెక్కలూ పంపుతున్నా. మూడోదానిలో కొట్టివేతలు చూస్తే నీ కళ్ళు తిరుగుతాయి. దులిపేయకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం నాకెంత కష్టమైందో నీకు తెలీదు. కానీ ఒకటి గమనించా. తప్పు గీత కళ్ళముందే ఉంటే రెండోసారి అదే తప్పు రావడం లేదు. దులిపేసినప్పుడు మళ్ళీ అక్కడికే వెళ్ళేదాన్ని.

పిల్ల చెయ్యెత్తగానే రాయి.

అత్త


మార్చి 4

అత్తా,

ఐదుకి నాలుగు. మిగిలిన దానిలో ఎక్కడ తప్పిందో నువ్వే ఎర్ర చాక్‌తో చుట్టావు కాబట్టి నేను దిద్దడానికి ఏమీ మిగల్లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. తండ్రీ కొడుకుల లెక్క బోర్డు మీద వేసి, నవంబరులో ఈ లెక్కకి మనం నవ్వాం, నేనే మొదలుపెట్టాను, నవ్వాల్సిన లెక్క కాదిది అన్నాను. అంకెలు అన్నీ సరైనవని చూపించాను. ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తల తిప్పలేదు. ఆ రోజు క్లాసు చూడటానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ తర్వాత పిలిచి, టీచరు తన తప్పు తాను పిల్లల ముందు చెప్పుకుంటే క్లాసు చేతిలో ఉంటుందా అన్నారు. చూద్దాం మేడం అన్నాను.

ఇంకోటి మొదలుపెట్టాను. బోర్డు కుడివైపు మూల ఒక గడి గీసి, వారానికి ఒక తప్పు లెక్క అందులో ఉంచుతున్నాను. ఎవరిదో చెప్పం. వారమంతా ఎవరూ తుడవకూడదు. ఎక్కడ దారి తప్పిందో అందరూ వెతకాలి. మొదటి వారం నాదే పెట్టాను, కాలేజీలో సున్నా తెచ్చుకున్నది. పిల్లలు ఎగబడి వెతికారు. ఆమె మాత్రం లేదు.

చెయ్యి ఎత్తలేదు అత్తా. ఎత్తుతుందో లేదో కూడా తెలీదు.

పరీక్ష రోజు రెండు పెన్నులు తీసుకెళ్ళు. రబ్బరు తీసుకెళ్ళకు.

నీ కోడలు


మార్చి 22

అమ్మడికి,

రాసి వచ్చాను.

హాల్లో అందరూ పదిహేనేళ్ళ పిల్లలు. నేను వెళ్ళగానే పర్యవేక్షకురాలు అనుకుని లేచి నిలబడ్డారు. కూర్చోండి నాయనా, నేనూ మీలాంటిదాన్నే అన్నాను. బల్ల చిన్నది, మోకాళ్ళు పట్టలేదు.

తోట లెక్క వచ్చింది. పొడవు వెడల్పు కంటే ఐదు ఎక్కువ, వైశాల్యం ఎనభై నాలుగు. ఏడు, మైనస్ పన్నెండు వచ్చాయి. మైనస్ పన్నెండు చూడగానే చెయ్యి బ్రష్ కోసం పక్కకి పోయింది, నిజంగా పోయింది. తర్వాత దాని కింద రాశాను, వెడల్పు మైనస్‌లో ఉండదు కనుక ఏడు మాత్రమే తీసుకుంటాం అని. రాస్తుంటే ఏడుపొచ్చింది. ముప్పై మూడేళ్ళు ఆ ఒక్క వాక్యం తెలీక గడిపానని ఏడుపు. పక్క పిల్ల తన నీళ్ళ సీసా నావైపు జరిపింది.

చలి లెక్క కూడా వచ్చింది. మొదట ఎనిమిది డిగ్రీలు, గంటకి మూడు చొప్పున తగ్గుతుంటే, గంట గంటకీ చూస్తే ఆరోసారి ఎంత అని. మైనస్ ఏడు. అలాగే ఉంచేశాను.

మూడు చోట్ల కొట్టేశాను. పేపరు ఏమంత శుభ్రంగా లేదు. ఖాళీగా మాత్రం ఇవ్వలేదు.

మీ మావయ్య గేటు బయట మూడు గంటలూ నిలబడ్డారు. ఎలా రాశావని అడగలేదు, ఆకలేస్తోందా అని అడిగారు.

పిల్ల సంగతి రాయి.

అత్త


మే 29

అమ్మడికి,

నలభై ఆరు.

ముందు నీకే రాస్తున్నా. తర్వాత మీ నాన్నకి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పి, ఆ రోజు జ్వరం రాలేదని, ఆ మైనస్ గది సంగతి కూడా చెప్పాను. ఆ లెక్క నన్ను అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణి కదా అన్నాడు. నువ్వూ నవ్వేవాడివేమో అన్నాను. ఏమో, నవ్వేవాణ్ణేమో అన్నాడు. మీ నాన్నలో నాకు నచ్చేది అదే.

గుమాస్తాకి సర్టిఫికెట్ నకలు ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఈ వయసులో ఎందుకమ్మా అన్నాడు. జూన్ ఒకటి నుంచి పెద్ద బల్ల నాది. మాస్టారు తన కత్తెర నాకిచ్చి, వెలుతురు ఎక్కువుండేలా దీపం మార్పించుకో అన్నారు. ఆరేళ్ళకి ఒప్పుకున్నారు పెద్దాయన, కళ్ళు కనపడటం లేదని.

నీ ఉత్తరాల్లో ఆ పిల్ల గురించి ఏమీ లేదు. నేను పాసయ్యాను గదా అని ఆ సంగతి వదిలేయకు. బడి తెరిచాక రాయి, ఏదైనా సరే.

నీ అత్త


జూన్ 27

అత్తా,

ఆ అమ్మాయి గురించి రాయడానికి ఏమీ లేక ఇన్నాళ్ళూ రాయలేదు. బడి తెరిచి రెండు వారాలైంది. మా తొమ్మిదో తరగతి పదికి వచ్చింది, వాళ్ళతో పాటు నన్నూ పదికి వేశారు. హెడ్‌మిస్ట్రెస్ బోర్డు మూల గడిని తెల్ల పెయింటుతో గీయించారు, రోజూ గీయక్కర్లేకుండా. ఈ క్లాసులో కూడా ఆ అమ్మాయి కిటికీ పక్కనే కూర్చుంది.

ఈరోజు ఆ గడిలో నీ గది లెక్క పెట్టాను. ఎవరిదో చెప్పలేదు. నాలుగు, మైనస్ ఆరు అని రెండూ రాసి, దీంట్లో తప్పేమైనా ఉందా అని అడిగాను.

కిటికీ పక్కనుంచి చెయ్యి లేచింది. పైకి పూర్తిగా కూడా కాదు, చెవి దాకా. నిలబడి, రెండు జవాబులు రావడమే తప్పు టీచర్, లెక్క చేయడంలో ఎక్కడో పోయింది అంది.

తప్పు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఎక్కడ పోయిందో చూపిస్తావా అన్నాను. బోర్డు దగ్గరికి వచ్చింది. నేను డస్టర్ తీసి బల్ల సొరుగులో పెట్టి, చాక్ ముక్క ఆమె చేతికిచ్చి, వెళ్ళి ఆమె బెంచీలో కూర్చున్నాను.

నీ కోడలు